తూము దగ్గరి మనిషి

2006 జులైలో హైదరాబాద్ శివారు కోకాపేటలో ప్రభుత్వం భూములు వేలం వేసింది. ఎకరం ధర 14 కోట్లు దాటింది. ఊళ్లో ఎక్కడ నలుగురు చేరినా అదే మాట. ఆ రోజుల్లోనే మా బంధువు ఒకాయన శంషాబాద్ అవతల నాలుగెకరాలకు బేరం కుదుర్చుకుని, బయానా ఇచ్చేసి, మిగతా సొమ్ము అప్పు తెచ్చుకుందామని తనకు ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. మేనేజరు కాఫీ తెప్పించాడు, కుశలం అడిగాడు, కాగితాలు తిరగేసి పక్కన పెట్టాడు. "ఇల్లు కట్టుకుంటానంటే రేపే శాంక్షన్ చేస్తానండీ. భూమి కొని పడేసుకోవడానికి మాత్రం ఇవ్వలేను. పైనుంచి సర్క్యులర్లు అలా ఉన్నాయి" అన్నాడు. మెట్లు దిగుతూ మావాడు మేనేజర్నీ బ్యాంకునీ ఢిల్లీనీ కలిపి తిట్టాడు. తిట్టాల్సిన మనిషి ఢిల్లీలో లేడని, ముంబైలో రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో ఉన్నాడని, పైగా మన కడప జిల్లావాడేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

యాగా వేణుగోపాల్ రెడ్డి 2003 సెప్టెంబరు 6 నుంచి 2008 సెప్టెంబరు 5 వరకు అయిదేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. ఆయన దిగిన పదో రోజున న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. పెద్ద పెద్ద దేశాల బ్యాంకులు సర్కారు సొమ్ముతో ఊపిరి పోసుకుంటుంటే మన బ్యాంకులు నిలబడ్డాయి. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ వ్యాసకర్త జో నొసేరా భారత్ ఎలా తప్పించుకుందో వివరిస్తూ ఆ ఘనతను రెడ్డి ఖాతాలో వేశారు. అమెరికాకు ఇలాంటి కేంద్ర బ్యాంకు అధిపతి ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్న అర్థంలో ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ మెచ్చుకున్నారు. 2010లో పద్మవిభూషణ్ వచ్చింది. అప్పటినుంచి మనకు ఒక కథ అలవాటైంది: రాబోయే ఉపద్రవాన్ని అందరికన్నా ముందే పసిగట్టిన ద్రష్ట కథ. అది నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఆయన తీసుకున్న నిర్ణయాలను వరసగా పెట్టి చూస్తే జోస్యం కన్నా, ఖాళీ ఖజానా ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూసిన అధికారి భయం ఎక్కువ కనిపిస్తుంది. ఇక్కడ భయం అనే మాటను మెచ్చుకోలుగానే వాడుతున్నాను.

రాయలసీమలో చెరువు కింద నీరుగట్టి అని ఒక మనిషి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, మడి మడికీ వంతు ప్రకారం నీళ్లు పారించడం అతని పని. చిత్రమేమిటంటే, కరువు ఏడాది అతనితో ఎవరికీ పేచీ ఉండదు. నీళ్లే లేనప్పుడు ఎవరిని అడుగుతారు? చెరువు అలుగు పారిన ఏడాదే తగాదాలన్నీ. అన్ని నీళ్లు పెట్టుకుని మా పొలానికి వదలవేమని ఊరంతా అతని మీదికి వస్తుంది. రెడ్డి పుట్టిన పాటూరు నందలూరు దగ్గర ఉంది. కరువూ వరదా రెండూ తెలిసిన నేల అది. 2021 నవంబరులో అక్కడికి ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఆ తీరంలో ఊళ్లకు ఊళ్లు ఏమయ్యాయో మనం చూశాం. రెడ్డి కొలువు మొత్తం నిండు చెరువు కాలంలో నీరుగట్టి కొలువే.

ఆయన తొలి జీవితం ఆ తరం చదువరులందరి జీవితం లాంటిదే. 1941లో పుట్టుక, మద్రాసులో అర్థశాస్త్రం ఎంఏ, కొంతకాలం అధ్యాపక వృత్తి, 1964లో ఐఏఎస్, ఉద్యోగం చేస్తూనే ఉస్మానియాలో పీహెచ్‌డీ. రాష్ట్ర ప్రభుత్వంలో ప్రిన్సిపల్ సెక్రటరీ దాకా ఎదిగారు. మధ్యలో ప్రపంచ బ్యాంకులో కొన్నేళ్లు. చెప్పుకోవలసిన భాగం 1990లో మొదలవుతుంది. అప్పుడాయన కేంద్ర ఆర్థిక శాఖలో జాయింట్ సెక్రటరీ. విదేశీ చెల్లింపుల వ్యవహారం ఆయన బల్ల మీదికే వచ్చేది.

గల్ఫ్ యుద్ధంతో చమురు ధర ఎగిసింది, ప్రవాస భారతీయులు డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగారు, ఢిల్లీలో ప్రభుత్వాలు ఒకదాని వెనక ఒకటి కూలాయి. 1991 మధ్యకల్లా దేశం దగ్గర మిగిలిన విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు చాలేంత. ముందు ప్రభుత్వం దగ్గరున్న 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌లో తాకట్టు లాంటి అమ్మకం చేశారు. ఆ తర్వాత జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్‌కు పంపి, దాని మీద సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. కాగితం మీద తాకట్టు సరిపోదని, సరుకు కళ్ల ముందుండాలని అప్పిచ్చేవాళ్లు పట్టుబట్టారు. బంగారాన్ని విమానాశ్రయానికి తీసుకెళ్తుంటే దారిలో ఒక వాహనం మొరాయించి భద్రతా సిబ్బందికి ముచ్చెమటలు పోసిన సంగతి రెడ్డి తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టడమంటే ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. కొట్టుకు వెళ్లేవాళ్లు చీకటి పడ్డాక వెళ్తారు, తెలిసినవాళ్లు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. ఆ వెళ్లడం అయ్యాక ఆ ఇంటి ఇల్లాలు డబ్బు విషయంలో మళ్లీ మునుపటిలా ఉండదు.

రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్నప్పుడు, 1997 ఆగస్టులో, గోవాలో విదేశీ మారక వ్యాపారుల సమావేశంలో రూపాయి విలువ ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉందన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారు. మార్కెట్లో రూపాయి జారింది. కేంద్ర బ్యాంకులో ఉన్నవాడి నోటి మాటకు ఎంత బరువో ఆయనకు అప్పుడు తెలిసొచ్చి ఉంటుంది. తర్వాతి కాలంలో ఆయన ప్రకటనల్లో సూటిదనం తక్కువని, అర్థం కోసం తవ్వుకోవాల్సి వస్తోందని విలేకరులు గొణిగేవారు.

ఆయన గవర్నరయ్యేనాటికి సమస్య తలకిందులైంది. 1991లో డాలర్లు లేవు, ఇప్పుడు వద్దన్నా వస్తున్నాయి. 2004 మార్చికి విదేశీ మారక నిల్వలు 11,300 కోట్ల డాలర్లు. 2008 మార్చికి దాదాపు 31,000 కోట్లు. డబ్బు వస్తే బాధేమిటని అడగవచ్చు. వచ్చిన ప్రతి డాలరునూ రిజర్వు బ్యాంకు కొంటే, బదులుగా రూపాయలు వదలాలి. ఆ రూపాయలు బ్యాంకుల్లో చేరి అప్పులవుతాయి, అప్పులు స్థలాల ధరలవుతాయి. కొనకుండా ఊరుకుంటే రూపాయి విలువ పెరిగి ఎగుమతిదారు మునుగుతాడు. ఆ రూపాయలను పీల్చుకోవడానికి రిజర్వు బ్యాంకు తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లను అమ్ముతూ వచ్చింది. బాండ్ల నిల్వ తరిగిపోయేసరికి 2004 ఏప్రిల్‌లో మార్కెట్ స్థిరీకరణ పథకం అనే కొత్త ఏర్పాటు మొదలుపెట్టారు. దాని కింద ప్రభుత్వం బాండ్లు జారీ చేస్తుంది, వచ్చిన సొమ్ము రిజర్వు బ్యాంకులో విడి ఖాతాలో ఉంటుంది, ఆ సొమ్మును ప్రభుత్వం ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రం కట్టాలి. ఖర్చు పెట్టుకోవడానికి వీల్లేని అప్పుకు వడ్డీ కట్టమని ఒక ప్రభుత్వాన్ని ఒప్పించడం చిన్న పని కాదు. సిద్ధాంతం తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. సచివాలయంలో ఏ ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో, ఎవరికి ఏ భాషలో చెబితే కదులుతుందో తెలిసిన ఆర్థికవేత్తకే అది సాధ్యం. తప్పుగా అనుకోకపోతే చెబుతాను, నలభై ఏళ్ల సర్కారీ కొలువు ఆయనకు నేర్పిన పెద్ద విద్య అదే.

ఇక మా బంధువు పొలం సంగతికి వస్తే, తూము ఎలా బిగించారో వంద రూపాయల అప్పు మీద చూపిస్తాను. బ్యాంకు ఎంత అప్పిచ్చినా దానికి తగ్గట్టు తన సొంత మూలధనం కొంత పక్కన పెట్టాలి. మన దగ్గర అది 9 శాతం. అయితే అన్ని అప్పులనూ ఒకేలా లెక్కగట్టరు. ఇంటి రుణానికి రిస్క్ వెయిట్ 50 శాతమంటే, వంద రూపాయల అప్పును యాభైగా లెక్కేసి నాలుగున్నర రూపాయలు పక్కన పెడితే చాలు. 2004 డిసెంబరులో ఇళ్ల రుణాలకు దాన్ని 75 చేశారు. అంటే ఆరుం ముప్పావు. వాణిజ్య స్థిరాస్తికి 2005 జులైలో 125 శాతం, 2006 మేలో 150 శాతం చేశారు. వందకు పదమూడున్నర. దానికి తోడు, సక్రమంగా చెల్లింపులు వస్తున్న అప్పులకు కూడా ముందుజాగ్రత్త కేటాయింపును స్థిరాస్తి, వ్యక్తిగత రుణాల వంటి వాటికి మెట్టు మెట్టుగా 2 శాతం దాకా తీసుకెళ్లారు. మేనేజరుకు ఎవరూ ఫోన్ చేసి ఇవ్వొద్దని చెప్పనక్కర్లేదు. ఇస్తే గిట్టుబాటు కాదని అతని పుస్తకమే చెబుతుంది. ఖాళీ భూముల కొనుగోలుకైతే బ్యాంకు సొమ్ము వెళ్లకూడదని నేరుగానే ఆంక్ష పెట్టారు.

2006 ఫిబ్రవరిలో ఇచ్చిన ఇంకో నిబంధన గురించి బయట పెద్దగా మాట్లాడుకోలేదు. అప్పులను మూటగట్టి మరొకరికి అమ్మినప్పుడు వచ్చే లాభాన్ని బ్యాంకు వెంటనే తన ఖాతాలో రాసుకోకూడదు, ఆ అప్పుల కాలపరిమితి పొడవునా కొద్దికొద్దిగా రాసుకోవాలి. అమెరికాలో కొంప ముంచింది సరిగ్గా అదే వ్యాపారం. అమ్మిన రోజే లాభం, ఆ త్రైమాసికంలోనే బోనస్, అప్పు మునిగేది ఎవరి చేతిలోనో. రెడ్డి ఆ వ్యాపారాన్ని నిషేధించలేదు, అందులో తొందర లాభం లేకుండా చేశారు. ఈ ఒక్క నిబంధనను ఆయన పనితనానికి నమూనాగా చూపించవచ్చని నా అభిప్రాయం.

అన్ని తలుపులూ ఒకేలా మూశారనుకోవద్దు. 2007 మేలో 20 లక్షల లోపు ఇళ్ల రుణాలకు రిస్క్ వెయిట్‌ను మళ్లీ 50కి తగ్గించింది కూడా ఆయనే. 2005 నవంబరులో, దాదాపు ఏమీ నిల్వ లేకుండానే పేదలు ఖాతా తెరుచుకునే ఏర్పాటు చేయమని బ్యాంకులకు చెప్పారు. బ్యాంకు గుమ్మం ఎక్కితే ఎవరు పలకరిస్తారు, చిరిగిన నోటు ఎవరు మారుస్తారు, ఫిర్యాదు ఎవరు వింటారు అన్నవి గవర్నరు స్థాయిలో ఆలోచించాల్సిన విషయాలేనని ఆయన అనుకున్నారు. ఆర్థిక పత్రికలకు ఇది ఆసక్తికరంగా తోచలేదు.

స్వతంత్రత గురించి అడిగినవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు బ్యాంకింగ్ వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రిజర్వు బ్యాంకుకు పూర్తి స్వేచ్ఛ ఉందని, ఆ మాట మీకు చెప్పడానికి ఆర్థిక మంత్రి అనుమతి కూడా తీసుకున్నానని అన్నారట. నవ్వించే మాటే. అందులో రాజ్యాంగ వ్యవహారం మొత్తం ఉంది. చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకుకు ప్రజాప్రయోజనం పేరిట ఆదేశాలు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. చిదంబరం ఆర్థిక మంత్రిగా ఉన్న కాలంలో వృద్ధి కావాలన్న తొందర ఒకవైపు, ధరల మీద, విదేశీ సొమ్ము మీద అదుపు కావాలన్న మొండితనం మరోవైపు. ఇద్దరి మధ్య పొసగని సందర్భాలను రెడ్డి స్వయంగా పుస్తకంలో దాచకుండా రాశారు. వ్యవహారం మాత్రం వీధికెక్కలేదు. కోపతాపాలు ఫైళ్ల మీదే ఉండిపోయాయి. ఈ కాలంలో అది అరుదు.

లెక్కలు మాటిమాటికీ సవరించే మన అలవాటు మీద ఆయన వేసిన చమత్కారం ఇంకా గొప్పది. ఏ దేశంలోనైనా భవిష్యత్తు అనిశ్చితం, మన దేశంలో గతం కూడా అనిశ్చితమేనట.

ఆయనకు హారతి పట్టేవాళ్లు దాటేసే సంగతులు కొన్ని ఉన్నాయి. 2007లో విదేశీ సొమ్ము ముంచెత్తి డాలరు 44 రూపాయల నుంచి 39 దగ్గరికి దిగింది. డాలర్లలో సంపాదించి రూపాయల్లో జీతాలిచ్చే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, చిన్న ఎగుమతిదారులకు అది గట్టి దెబ్బ. తూము ఎంత బిగించినా పైనుంచి వచ్చే వరదను ఆయన పూర్తిగా ఆపలేకపోయారు. రెండోది ఇంకా పెద్దది. 2004-05 నుంచి మూడేళ్లపాటు బ్యాంకు అప్పులు ఏటా 30 శాతానికి అటూ ఇటూగా పెరిగాయి. స్థిరాస్తి కాలవకు అడ్డుకట్ట వేశారు సరే, రోడ్లు, విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాల కాలవ మాత్రం బారెడు తెరిచే ఉంది. మొండి బకాయిల మీద 2018లో పార్లమెంటు అంచనాల కమిటీకి ఇచ్చిన నోట్‌లో రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్, వాటిలో ఎక్కువ భాగం 2006-2008 మధ్య ఇచ్చిన అప్పులేనని రాశారు. ఆ జాబితాల్లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన మౌలిక వసతుల కంపెనీలూ ఉన్నాయి. దేశానికి విద్యుత్తు వద్దని ఏ గవర్నరు అనగలడు? ప్రభుత్వ బ్యాంకులకు యజమానే ఆ ప్రాజెక్టులు కావాలంటుంటే ఆపడం ఎవరి తరం? ఇవి న్యాయమైన ప్రశ్నలే. అయినా 2008లో బ్యాంకులను కాపాడినందుకు ఆయనకు మార్కులు వేసేవాళ్లు, 2015 తర్వాత అవే బ్యాంకులు కక్కిన బకాయిల దగ్గర కూడా ఆ కాలాన్ని ఒకసారి తిరిగి చూడాలి. నీరుగట్టి ఒక తూము కాపలా కాస్తుంటే పక్క కట్ట లోలోపల కోసుకుపోతోంది.

చివరి వేసవి వివాదం సరేసరి. 2008 జులైలో ముడిచమురు 147 డాలర్లు తాకింది, టోకు ధరల ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. రెడ్డి రెపో రేటును జులై నెలాఖరుకు 9 శాతానికి, బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిష్పత్తిని ఆగస్టు చివరికి 9 శాతానికి తీసుకెళ్లారు. ఆయన వచ్చేనాటికి ఆ నిష్పత్తి నాలుగున్నర. వారం తిరక్కుండానే కుర్చీని మరో తెలుగు ఐఏఎస్ అధికారి దువ్వూరి సుబ్బారావుకు అప్పగించారు. కొత్త గవర్నరు సర్దుకుని కూర్చునేలోగా లేమన్ కూలింది. 2009 ఏప్రిల్‌కల్లా రెపో 4.75 శాతానికి, నగదు నిష్పత్తి 5 శాతానికి దిగాయి. స్థిరీకరణ పథకంలో దాచిన సొమ్మును కూడా వదిలారు. ముంచుకొస్తున్న మాంద్యాన్ని గమనించకుండా ఆఖరి నిమిషంలో బిగించాడని ఒక వాదన. అంత ఎత్తున ఉంచబట్టే తగ్గించడానికి తావు దొరికిందని మరో వాదన. ద్రష్ట కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడాలి. లేమన్ పతనం ఆయనకు ముందే తెలిసి ఉంటే ఆగస్టులో ఆ పని చేసేవారు కాదు. ఆయన కళ్ల ముందున్నది ధరల మంట. దాని మీద నీళ్లు చల్లారు. చెరువు నిండుగా ఉండటం మాత్రం ఆయన అయిదేళ్ల మొండితనం ఫలితం.

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన చేసిన పెద్ద పని 14వ ఆర్థిక సంఘం అధ్యక్షత. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి ఒక్కసారిగా 42 శాతానికి పెంచమని సిఫారసు చేసింది ఆ సంఘమే. జీవితమంతా తూము బిగించిన మనిషి రాష్ట్రాలకు మాత్రం బార్లా తెరిచారు. రాష్ట్ర సచివాలయంలో పనిచేసి, ప్రతి పైసాకూ ఢిల్లీ వైపు చూడటమంటే ఏమిటో తెలిసిన అనుభవం అందులో పనిచేసిందని అనుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నివేదిక వేరే కారణంతో నలిగింది. ప్రత్యేక హోదా ఇవ్వరాదని ఆర్థిక సంఘం చెప్పిందంటూ కేంద్రం దాన్ని అడ్డుపెట్టుకుంది. నివేదికలో ఆ మాట లేదు. నిధుల పంపకానికి లెక్కలు కట్టేటప్పుడు హోదా ఉన్న రాష్ట్రాలు, లేని రాష్ట్రాలు అన్న తేడా పెట్టుకోలేదని మాత్రమే ఉంది. కేంద్రం ఆ తర్వాత రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేని సెస్సులు, సర్‌చార్జీల వైపు మళ్లింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం ఢిల్లీకి కొత్త కాదు.

రిస్క్ వెయిట్ అనే ఆ పనిముట్టు ఇప్పటికీ రిజర్వు బ్యాంకు అలమారాలోనే ఉంది. ఫోన్ మీద నొక్కగానే వచ్చే పూచీలేని వ్యక్తిగత రుణాలు పుట్టగొడుగుల్లా పెరిగినప్పుడు, 2023 నవంబరులో గవర్నరు శక్తికాంత దాస్ హయాంలో వాటి వెయిట్‌ను 100 నుంచి 125కి పెంచారు. 2025 ఫిబ్రవరిలో, వృద్ధి మందగించిందన్న ఆందోళన మధ్య, బ్యాంకులు ఫైనాన్స్ కంపెనీలకు ఇచ్చే అప్పుల మీద, సూక్ష్మరుణాల మీద ఆ బిగింపును సడలించారు. పదిహేను నెలలు ఆగింది తూము.

మా బంధువు ఆ రోజు బ్యాంకు కాదంటే ప్రైవేటు ఫైనాన్స్‌లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి భూమి కొన్నాడు. 2009లో కొనేవాడు లేక, వడ్డీ కట్టలేక, రెండెకరాలు అయినకాడికి అమ్మేశాడు. మిగిలిన రెండెకరాలకు ఇప్పుడు వచ్చే ధర చెబితే వినేవాళ్లు నోరు వెళ్లబెడతారు. ఆనాడు బ్యాంకు తక్కువ వడ్డీకి ఇచ్చి ఉంటే నాలుగెకరాలూ తనకు దక్కేవని ఇప్పటికీ అంటాడు. నీలాంటి వాళ్లు లక్షమంది అలాగే తెచ్చుకుని ఉంటే బ్యాంకే మిగిలేది కాదు బావా అని నేనంటాను. "మిగతా లక్షమంది సంగతి నాకెందుకోయ్, నేను కట్టేవాడినే కదా" అంటాడు. కట్టేవాడే, అందులో సందేహం లేదు.